పిండికోట

"బడిపంతులుగిరీ నాకొద్దు. వెళ్ళి అదే చెప్పు!" అన్నాడు మా ఆయన, జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ సార్జెంట్ మోగెన్స్‌తో.

కోపెన్‌హేగెన్ సైనిక పాఠశాలలో కోటల నిర్మాణం బోధిస్తారా అని పొద్దున్నే కబురొచ్చింది. ఒప్పుకుంటే మా ఆయన, కెప్టెన్ హోల్గర్‌గారు, రోజూ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. కాదంటే వచ్చే వారమే పటాలంతో సరిహద్దుకి. మాకు పెళ్ళయి నెల కూడా కాలేదు. నేను కలుపుతున్న బిస్కెట్ల పిండితో ఒక బొమ్మ చేశాను.

"అదేంటి థోరా?"

"కోట."

"గుండ్రంగానా? ఖర్మ!" ఆయన ఒక ఎండుద్రాక్షని గోడ మొదట్లో పెట్టాడు. "శత్రువు ఇక్కడ నక్కితే గోడమీది కాపలావాడికి కనిపిస్తాడా?"

"వంగి చూస్తే?"

"తల ఎగిరిపోతుంది, పిచ్చిమొద్దూ!" చొక్కా చేతులు మడిచి, పిండిని నక్షత్రంలా నొక్కాడు. "ఇప్పుడు చూడు. ఈ మూలవాడు ఆ మూలని కాస్తాడు, ఆ మూలవాడు ఈ మూలని."

"అయ్యబాబోయ్! ఇన్నేళ్ళు మూలల్లో కాపలా కాశాను, ఎందుకో ఇప్పుడు తెలిసింది," అంటూ మోగెన్స్ బల్లమీదికి వంగాడు. "మరి కాదన్నారని చెప్పేదా, కెప్టెన్‌గారూ?"

"ఉండవయ్యా, కందకం తవ్వనీ! నా కుర్రాళ్ళు తికమకపడేది ఇక్కడే."

మొహాలైనా చూడని కుర్రాళ్ళు అప్పుడే ఆయనవాళ్ళయిపోయారు! మోగెన్స్ కళ్ళతోనే నవ్వి, చప్పుడు చేయకుండా మెట్లు దిగాడు. నాకంత ఓపిక లేదు. పిండిచేతులతోనే ఆయన మెడ వాటేసుకున్నాను.

"థోరా! కందకం పూడిపోయింది!"