పువ్వు పూయని తీగ

"మామా, నా పుస్తకం యాడుండాది?"

కోడలు పవిత్ర అరుపుకు మునిరామయ్య తలెత్తలేదు. నేల మీద పరిచిన కలంకారీ చీర మీద వెదురు కలంతో నల్లటి తీగ గీస్తున్నాడు. ఆయన మోకాలి పక్కనే ఆ పుస్తకం జులై పేజీ దగ్గర తెరిచి ఉంది. ఎగిరిపోకుండా పైన ఒక కరక్కాయ కూడా పెట్టాడు.

"ఈడే ఉండాది లేమ్మా. తిరుపతి నుంచి స్టెల్లమ్మ కొత్త డిజైను కావాలని ప్రాణం తీస్తా ఉండాది. నువ్వేమో ఇంత బాగా తీగలు గీసి బీరువాలో దాస్తివి. చీర మీదికి ఎక్కిచ్చేసినా."

పవిత్ర ఒక్క అంగలో వచ్చి చీర మీదికి వంగింది.

ఆ పుస్తకాన్ని బుల్లెట్ జర్నల్ అంటారు. రోజూ ఎన్ని గ్లాసుల నీళ్లు తాగామో, ఎంత దూరం నడిచామో బొమ్మలేసి గుర్తుపెట్టుకుంటే మనిషి బాగుపడతాడని ఫోన్లో ఎవరో చెప్పారు. పవిత్ర వెంటనే మూడు రకాల ఆకుపచ్చ పెన్నులు, ఒక గులాబీ పెన్ను కొని బాగుపడటం మొదలుపెట్టింది. నీళ్ల సంగతి రెండో రోజుకే మరిచిపోయింది. నడక ఐదో రోజుకు ఆగింది. ఒక్కటి మాత్రం నిష్ఠగా సాగింది. అది అత్తగారి తిట్ల పట్టిక.

జులై తీగకు ముప్పై ఒక్క ఆకులు, రోజుకొకటి. అత్త ఒకసారి తిడితే ఆకు కాడ దగ్గర ఒక ముల్లు. మూతి ముడుచుకుని మాట్లాడకపోతే ఆకు పసుపు. పండగ రోజైతే ఆకులో చిన్న బొమ్మ. గుడికి కావళ్లు మోసే ఆడికృత్తిక పండగ నాటి ఆకులో కావడి వేసింది. అత్త మెచ్చుకుంటే పువ్వు. ఆ అవసరం ఇంతవరకు రాలేదు. గులాబీ పెన్ను మూత తీయకుండా కొత్తగా అట్లాగే ఉంది.

ఏ గుర్తు దేనికో పేజీ మూలన పెట్టుకోవాలట. అక్షరాల్లో రాస్తే ఎవరైనా చదివేస్తారు. పవిత్ర డిగ్రీ చదివింది కాబట్టి ఆ పొరపాటు చేయలేదు. ముల్లు పక్కన ఒక కొప్పు, పెద్ద ముక్కుపుడక, తెరిచిన నోరు గీసింది. పువ్వు పక్కన అదే కొప్పు, అదే ముక్కుపుడక, నవ్వుతున్న నోరు. ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా అర్థం కాదని నిశ్చింతగా ఉంది.

"ఇది వద్దు మామా. ఇంకోటి గీసిస్తాను, చెరిపేయండి."

"చెరిపేదా? ఇనుము, బెల్లం ఊరేసి చేసిన కసిమి సిరా ఇది. బట్ట చిరిగినా గీత పోదు," అన్నాడు మునిరామయ్య గర్వంగా.

ఇంతలో అత్త శకుంతలమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆ ఇంట్లో గీత మామది, రంగు అత్తది. ఆమె పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, పేజీని పైనుంచి కిందికి చూసింది.

"రంగులు సూసి యేయాల గదా. అయ్యేదాకా నా దగ్గరే ఉండనీ," అని చంకలో పెట్టుకుపోయింది.

పది రోజులు పవిత్రకు అన్నం సహించలేదు. ఆ బొమ్మలు గనక అత్తకు అర్థమైతే తనకు ఈ ఇంట్లో ఇక మిగిలేవి పసుపు ఆకులే, జీవితాంతం. కానీ శకుంతలమ్మలో ఏ మార్పూ లేదు. చారులో ఉప్పెక్కువైందని తిట్టింది. బకెట్టు నిండి పొర్లుతుంటే ఫోను చూస్తున్నావని తిట్టింది. అంతా యథాప్రకారం సాగడంతో పవిత్ర ప్రాణం కుదుటపడింది. తిట్లు వింటే హాయిగా ఉండటం ఆమెకు అదే మొదలు.

పదకొండో రోజు స్టెల్లా వచ్చింది. తిరుపతిలో ఆమెకు చీరల కొట్టుంది. చీర విప్పి చూసి కళ్లు పెద్దవి చేసింది.

"శానా బాగుండాది. కథేంది? కలంకారీ అంటే కథుండాల గదా, కొనేవాళ్లు అడుగుతారు."

"గీసింది మా కోడలు. ఆ పిల్లనే అడుగు," అన్నాడు మునిరామయ్య.

అందరూ పవిత్ర వైపు తిరిగారు. శకుంతలమ్మ కూడా.

"ఇది... భక్తి తీగక్కా," అంది పవిత్ర. "ముండ్లు కష్టాలు. పసుపు ఆకులు ఉపవాసాలు. దేవుడు కరుణించినప్పుడు పువ్వు పూస్తాది."

"అయ్యో, ఒక్కటీ పూయలేదే!"

"ఇంకా దర్శనం కాలేదక్కా."

తిరుపతి మనిషికి క్యూలైను బాధ విడమరిచి చెప్పక్కరలేదు. స్టెల్లా కళ్లు చెమర్చాయి.

"ఏ దేవుడైనా అంతేమ్మా, ఏడిపించే కరుణిస్తాడు," అంది.

"ఔ మరి. దర్శనమంటే అంత సులువా?" అంది శకుంతలమ్మ నిదానంగా.

స్టెల్లా ఆ చీర తీసుకుని, అట్లాంటివే ఇంకో ఇరవై కావాలంది. మునిరామయ్య ఉబ్బిపోయి ఆమెను బస్సెక్కించడానికి వెళ్లాడు. గండం గడిచిందని పవిత్ర గోడకు జారగిలబడింది.

శకుంతలమ్మ వచ్చి పుస్తకం ఆమె ఒళ్లో పెట్టింది.

"ఏమ్మే, కావడి ఆకు కాడ రెండే ముండ్లు పెట్టినావు. ఆ పొద్దు నేను తిట్టింది మూడుసార్లు. చీర మీద సరిగ్గానే యేయించినాలే."

పవిత్ర గబుక్కున పుస్తకం మూయబోయింది. శకుంతలమ్మ పేజీ మూలనున్న కొప్పు మీద వేలు పెట్టి, బొడ్లో దోపుకొచ్చిన గులాబీ పెన్ను మూత తీసి అందించింది.

"ముక్కుపుడక మాత్రం అచ్చం నాదే, శానా బాగా గీసినావు. మెచ్చుకుంటి గదా, ఇంక పువ్వు యేసుకో."