లెన్సుకు బొట్టు

"దీనికెవరు పెట్టిన్రు బొట్టు?"

ప్రహ్లాద్ అరుపుకు, వాకిట్లో పాల క్యాన్లు కడుగుతున్న అమల తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. భర్త చేతిలో మూరెడు పొడవున్న కెమెరా లెన్సు. దాని ముందు అద్దం మీద, సరిగ్గా నడిమధ్యన, రూపాయి బిళ్లంత కుంకుమ. చుట్టూ పసుపు.

"నేనే పెట్టిన. దసరా గదా! క్యాన్లకు పెట్టిన, స్కూటర్‌కు పెట్టిన, మిక్సీకి గూడ పెట్టిన. నీ లెన్సును ఇడిచిపెడితే ఊకుంటవా?"

"ఎవరన్నా అద్దం మీద పెడ్తరా?"

"మరి దాని మొహం ఏడున్నదో నాకేం ఎర్క? గదే మొహం అనుకున్న."

నవ్వాల్సిన మాటే. కానీ ప్రహ్లాద్‌కు నవ్వు రాలేదు. దసరా నాడు పాలపిట్టను చూడనిదే అతని తల్లి సక్కుబాయి జమ్మి ఆకు ముట్టదు. తుంటి ఎముక విరిగి రెండేళ్లుగా ఆమె మంచం మీదే ఉంది. పోయినేడు ఫొటో తీసి చూపించాడు. ఈసారీ తెస్తానని పొద్దున్నే మాటిచ్చాడు.

"పిట్ట ఇంట్లకొస్తే సాలు బిడ్డా. నా పండుగ అయినట్టే," అందామె.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. లెన్సు చూస్తే ఇలా ఉంది.

తప్పు దిద్దుకుందామని అమల కొంగుతో తుడవబోయింది.

"ముట్టకు! పొడిగ రుద్దితే గీతలు పడ్తయ్. ఎన్ని దుకాణాలు తిరిగి తెచ్చిన దీన్ని! దూరంల ఉన్న పిట్ట గూడ ఈక ఈక కనవడాలెనని తెచ్చిన. వానకాలం బూజు పట్టకుంట కాపాడుకుంటున్న. నువ్వు పొయ్యి పసుపు మెత్తినవ్!"

అమల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ లెన్సు మీద ఆమెకూ ప్రేమే. లేకపోతే పూజలో ఎందుకు కూర్చోబెడుతుంది?

ప్రహ్లాద్ అరుగు మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ముందు రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొట్టాడు. మెత్తటి బ్రష్షుతో మిగిలిన పొడి రాల్చాడు. బట్ట మీద లెన్సు తుడిచే మందు రెండు చుక్కలు వేసి, పసిబిడ్డ చెవి తుడిచినట్టు నడిమి నుంచి అంచుకు తిప్పుతూ తుడిచాడు. లెన్సు తిప్పే పట్టీ గాడుల్లోకి దిగిన పసుపు మాత్రం ఓ పట్టాన రాలేదు. అది అయ్యేసరికి నాలుగైంది.

"బర్ల పాలు నేను పిండుకుంట. నువ్వు పో," అంది అమల, మెల్లగా.

సైదాబాద్ నుంచి జల్‌పల్లి చెరువు దాకా దారి పొడవునా పండుగ జనమే. చెరువు అవతల, కరెంటు తీగ మీద పాలపిట్ట ఉండనే ఉంది! ప్రహ్లాద్ ఊపిరి బిగబట్టి లెన్సు తిప్పాడు. బొమ్మ తేటపడుతోంది. సరిగ్గా అప్పుడే వెనక కాలనీలో డప్పులు మోగాయి. అతను నొక్కాడు. ఫొటోలో తీగ ఒక్కటే వచ్చింది.

పొద్దు గుంకేదాకా కాచుకున్నా పిట్ట మళ్లీ రాలేదు.

వాడిపోయిన మొహంతో ఇంటికొచ్చిన భర్తను చూడగానే అమలకు అర్థమైంది.

"నా వల్లనే గదా?"

"నీ వల్ల కాదులే. డప్పులకు బెదిరింది," అన్నాడు. మధ్యాహ్నం అరిచినందుకు అతనికి అప్పటికే సిగ్గుగా ఉంది.

"పోయినేటి ఫొటో ఉన్నది గదా. గది చూపియ్యి."

"పండుగ పూట అమ్మకు అబద్ధమా?"

"ఆమె పండుగ కోసమే గదయ్యా."

ప్రహ్లాద్ కెమెరాలో పాత కార్డు పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. వచ్చి కెమెరా తీసుకుని తల్లి మంచం పక్కన కూర్చున్నాడు. మీట నొక్కుతూనే తెరను ఆమె వైపు తిప్పి చేతుల్లో పెట్టాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేక తల వంచుకున్నాడు.

సక్కుబాయి కెమెరాను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"అబ్బబ్బ... ఏం నీలం బిడ్డా! రెక్కలిప్పి ఎగిరేటట్టున్నది. పోయినేటి దానికంటె మస్తుగొచ్చింది."

అది పోయినేటిదేనని ప్రహ్లాద్‌కు తెలుసు. ముసలితనం, మరిచిపోయిందనుకున్నాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. ఆమె అతని తల నిమిరింది.

"సల్లగుండు కొడుకా. నా కోసం ఎండల వడి తిరిగినవ్."

ఎంత అబద్ధమైతేనేం, అమ్మ పండుగ గడిచింది. ప్రహ్లాద్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో అమల గుమ్మంలోకి వచ్చింది.

"గప్పుడే అత్తమ్మ చేతికిచ్చినవా? జర ఆగు. బ్యాటరీ అయిపోయిందని తీసి ఛార్జింగ్ పెట్టిన. ఇగో, నా చేతిల్నే ఉన్నది!"

ప్రహ్లాద్ గబుక్కున తల్లి గడ్డం పట్టి మొహాన్ని బల్బు వెలుగులోకి తిప్పాడు. నల్లటి తెరను చూసి ఇంకా నవ్వుతూనే ఉన్న ఆ రెండు కళ్లనిండా తెల్లగా పొర కమ్మి ఉంది.