పెనిమిటి పేరు

"పేరు చెప్పమను. చెప్పకపోతే ఇదే ఓడలో వెనక్కి పంపేస్తాను" అన్నాడు ఆఫీసరు.

బల్ల ముందు నిలబడ్డ పిల్ల తల వంచేసింది. ఇరవై ఏళ్ళుంటాయి. చంకలో మూడు నెలల పసిగుడ్డు. నాలుగు రోజులు ఓడలో ఊగి వచ్చింది. జెట్టీ మీద కూడా కాళ్ళు ఆనడం లేదు.

పర్మిట్ లేనిదే అండమాన్లో అడుగు పెట్టనివ్వని రోజులవి. ఆమె దగ్గర పర్మిట్ ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్ళి తిరిగి వస్తున్న యర్రమ్మ అని, వెంట పసిబిడ్డ అని దాంట్లో రాసుంది. మొగుడి పేరూ ఉంది. ఫోటో మాత్రం లేదు. పోయిన ఓడలో ఒకామె ఎవరిదో పర్మిట్ పట్టుకొచ్చి దొరికిపోయింది. అప్పట్నుంచి ఆఫీసరు ఎవర్నీ నమ్మడం లేదు.

ఆఫీసరుకి తెలుగు రాదు. ఆయన హిందీలో అడుగుతుంటే బంట్రోతు నెహెమ్యా తెలుగులో చెబుతున్నాడు. ఊరు అడిగితే చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. మొగుడేం చేస్తాడంటే, "సిప్పీఘాట్ రోడ్డుకి రాళ్ళు కొడతాడు బాబూ" అంది. మొగుడి పేరు దగ్గర మాత్రం ఆగిపోయింది.

తాడు అవతల, ఆమె కోసం వచ్చిన ఒక నల్లటి మనిషి తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. నోరు తెరవబోయాడు.

"చుప్! నువ్వు ఒక్క మాట మాట్లాడావంటే ఇద్దర్నీ ఓడెక్కిస్తాను" అని అరిచాడు ఆఫీసరు.

"సాబ్, మావాళ్ళలో ఆడవాళ్ళు పెనిమిటి పేరు ఎత్తరు" అన్నాడు నెహెమ్యా. "పర్మిట్లో ఉందిగా. నేను చదువుతాను, అవునో కాదో చెబుతుంది."

"నువ్వు ఏ పేరు చదివినా అవునంటుంది. ఆమే చెప్పాలి."

నెహెమ్యా ఆమె వైపు వంగాడు. "అమ్మా, దేవుడేమీ అనుకోడు. ఒక్కసారి చెప్పెయ్. కావాలంటే నేను చెవులు మూసుకుంటాను."

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు. కన్నీళ్ళు చంకలో బిడ్డ మొహం మీద పడ్డాయి. పిల్ల లేచి కేరుమంది. ఆమె పంచదార నీళ్ళలో తడిపిన గుడ్డ కొస దాని నోట్లో పెట్టింది.

వెనక వరసలో అచ్చమ్మ అని ఒక ముసలమ్మ ఉంది. ఆమెకి ఓపిక పోయింది.

"ఏటి బాబూ ఈ అన్నాయం? పదిమందిలో పెళ్ళాం సేత మొగుడి పేరు సెప్పిస్తావా? నలబై ఏళ్ళు కాపరం సేసినాను. మా ముసలోడు నూతిలో పడితే కూడా, 'ఓలమ్మో, మా ఇంటాయన' అని అరిసినాను గానీ పేరెత్తనేదు."

"మరి తీశారా?" అన్నాడు నెహెమ్యా.

"తీసినారు. ఎవులింటాయనో తెలీక ఊల్లో ఆడోళ్ళందరూ ఏడ్సుకుంటూ వచ్చినారు."

వరసంతా నవ్వింది. నెహెమ్యా ఆ ముక్క హిందీలో చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు. కలం మాత్రం కింద పెట్టాడు.

"మా అమ్మా అంతే" అన్నాడు. "రేషను ఆఫీసులో మా నాన్న పేరు అడిగితే నన్ను ముందుకి తోసేది."

ఓడ కూత వేసింది. ఆయన మళ్ళీ కలం తీశాడు. "చివరిసారి అడుగు."

నెహెమ్యా అడిగాడు. ఆమె కూలబడిపోయింది.

"నన్ను పంపీండి బాబూ. ఓడెక్కేస్తాను. ఈ పిల్లని మాత్రం ఆళ్ళ నాన్నకి ఇచ్చీండి. నా నోట ఆ పేరు రాదు."

నెహెమ్యా హిందీలో చెప్పాడు. ఆఫీసరు పర్మిట్ దగ్గరికి లాక్కున్నాడు.

"పోయిన ఓడలో దొరికినామె నేను అడక్కముందే మొగుడి పేరు చెప్పింది. వాడి తాత పేరు కూడా చెప్పింది. దొంగ పెళ్ళాలు అన్నీ బట్టీపట్టి వస్తారు. ఈమె అసలు పెళ్ళామే" అని ముద్ర కొట్టాడు.

ఆమె, ఆ నల్లటి మనిషి జెట్టీ గేటు దాటి మిడిల్ పాయింట్ రోడ్డు ఎక్కారు. పిల్లని అతను తీసుకున్నాడు. కూతుర్ని చూడడం అదే మొదలు. ఎలా ఎత్తుకోవాలో తెలీక రాళ్ళ తట్ట పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నడిచాడు.

"కాసులమ్మా, గట్టిదానివే" అన్నాడు చుట్టూ చూసి. "కొత్త పర్మిట్ కోసం కూకుంటే తల్లిలేని పిల్ల ఏటైపోనో. మీ అక్క పేరు మీద నువ్వు ఒడ్డెక్కగలవో నేదో అని నా పానం పోయింది. ఉత్తరంలో అన్నీ రాయించినాను. ఊరు అడిగితే ఏటి సెప్పాలి, పని అడిగితే ఏటి సెప్పాలి, అన్నీ. నా పేరడిగితే సెప్పకూడదని మాత్రం రాయించనేదు. అదెవులు నేర్పినారు? అచ్చం మీ అక్కలాగే ముడుసుకుపోనావు."

"ఎవులూ నేర్పనేదు బావా" అంది. "మీ పెళ్ళికి నాను సిన్నపిల్లని. నాన్న నిన్ను అల్లుడంటాడు. అమ్మ ఆ బాబు అంటాది. నీ ఉత్తరం కింద కూడా 'మీ అల్లుడు' అనే ఉంటాది. పర్మిట్లో ఉందంట గానీ నాకు సదువు రాదు. అక్క పోయేముందు నా సెయ్యి పట్టుకుని, 'పిల్లని ఆయనకి అప్పజెప్పు' అంది. అప్పుడు కూడా ఆయనే అంది."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంతకీ నీ పేరేటి బావా?"