మన ఊరి ఉదాహరణ

"యాడినుంచి వచ్చినారు?" గుమ్మంలోనే ఒక ముసలాయనను అడిగాడు జయరాం.

"శానా దూరం నుంచప్పా. చెన్నప్పకు బాగలేదని బంగారుపేటలో ఎవరో చెప్పినారు. గనిలో ఇద్దరం ఒకే షిఫ్టు. ఒకసారి చూసి పోదామని."

జయరాంకు విసుగొచ్చింది. నాయన చెన్నప్ప ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే. డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంకా ఆ ప్రాణం ఎందుకు పట్టుకుని ఉందో తెలియదు. తెల్లారితే ఒకటే మాట: "ఓబలప్ప వచ్చినాడా? వాణ్ణి ఒక్కసారి చూడల్ల."

ఆ ఓబలప్ప ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే దగ్గు ముంచుకొచ్చి చెప్పలేడు.

"ఇప్పుడే నిద్ర పట్టింది. లేచేదాకా అరుగు మీద కూర్చోండి," అన్నాడు జయరాం.

పేరైనా అడగలేదు. ట్యూషన్ మధ్యలో లేచి వచ్చాడు మరి.

జయరాం భార్య సౌభాగ్య తలంటుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకునే వచ్చి ముసలాయనకు టీ ఇచ్చింది. ఆయన గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. ఎడమ చేతికి బొటనవేలు లేదు.

ముందుగదిలో జయరాం బోర్డు మీద ఇండిగ్నేషన్ అని రాశాడు. బ్యాంకు పరీక్షల పిల్లలు తలలు గోక్కున్నారు.

"దీన్ని ముక్కు మీద కోపం అనుకునేరు! లాటిన్‌లో డిగ్నస్ అంటే తగినది. ఇండిగ్నస్ అంటే తగనిది. అక్కడ పుట్టిన మాట ఇంగ్లీషులోకి వచ్చి ఆరు వందల ఏళ్ళు దాటింది. డిగ్నిటీ కూడా ఆ ఇంటి బిడ్డే. మొదట్లో దీనికి చిన్నచూపు అనే అర్థం కూడా ఉండింది. పోను పోను అది రాలిపోయి, న్యాయమైన కోపం మిగిలింది. ఎవడో నా కాలు తొక్కితే వచ్చేది మామూలు కోపం. నా ముందర ఇంకొకడి మర్యాద తొక్కుతా ఉంటే, ఇది తగదు అని కడుపు మండుతుంది చూడు, అదీ ఇండిగ్నేషన్!"

చెప్పడంలో జయరాం సారును మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"మన ఊర్లో ఒక ఉదాహరణ చెప్పండి సార్," అన్నాడు యశ్వంత్.

"మన ఊర్లో యాడ్రా! గని మూసిన పొద్దే రోషం కూడా మూసేసినారు."

పిల్లలు నవ్వారు. అరుగు మీది ముసలాయన కూడా నవ్వాడు.

అంతలో సౌభాగ్య గొల్లుమంది.

"ఏమండీ, నా కమ్మలు! కిటికీ గట్టు మీదే పెట్టినాను, లేవు!"

కిటికీ అరుగు పక్కనే. జయరాం గబగబా బయటికి వచ్చాడు. వెనకే పిల్లలు. అందరి కళ్ళూ ముసలాయన మీదే.

"ఏం పెద్దాయనా, జేబులు చూపించు."

ఆయన చూపించాడు. ఏమీ లేవు.

"చొక్కా విప్పు. పంచె దులుపు."

ముసలాయన చొక్కా విప్పి దులిపాడు. పంచె ఊడదీసి దులిపి, చెడ్డీతో నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే రెండు చేతులూ పైకెత్తి ఒక చుట్టు తిరిగాడు. నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.

ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. యశ్వంత్ తల దించుకున్నాడు. తగదని నోరు తెరిచినవాడు ఒక్కడూ లేడు.

ముసలాయన మెల్లగా పంచె కట్టుకున్నాడు.

"ఏడవద్దమ్మా, దొరుకుతాయి," అన్నాడు సౌభాగ్యతో. "చెన్నప్పను లేపొద్దండి. పండుకోనీ పాపం."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కాసేపటికి సౌభాగ్య తల తువ్వాలు విప్పింది. గట్టు మీంచి తువ్వాలుతో పాటే వచ్చేసిన కమ్మలు రెండూ దాని మడతలోంచి టపటపా కింద పడ్డాయి.

జయరాంకు తల కొట్టేసినట్టయింది. బండి తీసుకుని బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్ళిపోయింది. ఏ ఊరి బస్సు ఎక్కాడో చెప్పినవాడు లేడు. పేరు తెలిస్తే కదా అడగడానికి!

తిరిగి వచ్చేసరికి చెన్నప్ప లేచి ఉన్నాడు. యశ్వంత్ మంచం పక్కన నిలబడి నీళ్ళు తాగిస్తున్నాడు.

"ఎవరో... వచ్చినట్టుండిందే?"

"ఎవరో గని ఆయన, నాయనా. కమ్మలు పోయినాయని వెతికితిమి. వద్దంటే వినకుండా నోరు తెరిచి నాలుక కూడా ఎత్తి చూపించినాడు." వద్దన్నది అబద్ధం. యశ్వంత్ అతనికేసి చూశాడు.

చెన్నప్ప కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎడం చేతికి... బొటనవేలు?"

"లేదు."

"వాడే ఓబలప్ప."

చెన్నప్పకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక ఆగి ఆగి చెప్పాడు.

"షిఫ్టు దిగితే గేటు కాడ... ముక్క బంగారం దాచినామేమో అని... గుడ్డలిప్పి, నోరు తెరిపించి చూస్తా ఉండినారు. ఆ పొద్దు నాకు చలిజరం. నిలబడేదానికే కాలేదు. నా గోచి కూడా తీయమనినారు, అందరి ముందర. ఓబలప్ప పోయి ఆ ఆఫీసరు గొంతు పట్టుకున్నాడు. మాపటికి వాని పని పోయింది. దొంగ అని పేరు పెట్టి ఊరు దాటించినారు. నేను నోరెత్తలేదు."

"ఇప్పుడు యాడుంటాడు నాయనా? పోయి పిలుచుకొస్తాను."

"ఇంగ రాడు."

చెన్నప్ప గోడ వైపు తిరిగాడు.

"దినామూ వాని గుడ్డలు విప్పించినా ఒక్కపొద్దూ కోపం రాలేదురా వానికి... నావి విప్పమన్నప్పుడే వచ్చింది."