పదిహేనో మనిషి

“అలా తలుపుని అంటిపెట్టుకుని నిలబడితే లెక్కలోకి రావు డార్లీన్. ఏదో ఒక మూలకి చేరు,” అంది పక్కింటి ఫిలిస్, మోచెయ్యి పట్టుకుని లాగుతూ.

“చేరతాన్లే. ఈ కాఫీ తాగనీ.”

“ఇది మూడో కప్పు. నీ భయం కాఫీతో పోయేది కాదు గానీ, పద.”

బడి వ్యాయామశాలలో సుమారు నూరుమంది పోగయ్యారు. అధ్యక్ష పదవికి తమ అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు, అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలో వీళ్ళ పార్టీవాళ్ళకి, చీటీ పెట్టెలో వేసేసి గుట్టుగా ఇంటికి పోయే సుఖం లేదు. నచ్చిన అభ్యర్థి పేరు కట్టిన మూలకి వెళ్ళి, ఊరంతా చూస్తుండగా నిలబడాలి. తలలు లెక్కపెడతారు. పదిహేనుమంది కూడని మూల చెల్లదు. ఆ మూలవాళ్ళు ఇంకో మూలకైనా పోవాలి, ఇంటికైనా పోవాలి.

డార్లీన్‌కి మెట్కాఫ్ మూలకి వెళ్ళాలని ఉంది. ఎదురు మూలలో, కార్వర్ పేరు కింద, ఆమె మొగుడు వెర్నన్ నిలబడి ఉన్నాడు.

వెర్నన్‌ది ఆరోగ్యబీమా కంపెనీలో ఇరవై ఆరేళ్ళ కొలువు. మెట్కాఫ్ ఏమో తాను గెలిస్తే అలాంటి కంపెనీలన్నిటినీ మూయిస్తానని ఊరూరా చెప్తున్నాడు. అలాంటివాడి పేరు కింద వెర్నన్ పెళ్ళామే నిలబడితే ఇంకేమైనా ఉందా!

పోయిన ఆదివారం ఈ ముగ్గురు అభ్యర్థుల సంగతీ తేల్చుకుందామని వెర్నన్ ఒక పట్టిక గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. పన్నులు, ఉద్యోగాలు, వైద్యం అని మూడు గడులు. ఆఫీసు పెన్నులన్నీ ఏమయ్యాయో గానీ, ఈమధ్య లైబ్రరీలో వచ్చినవాళ్ళకోసం పెట్టే పొట్టి పెన్సిళ్ళే అతని జేబులో కనబడుతున్నాయి. పట్టిక కూడా దాంతోనే గీశాడు.

“కార్వర్ పన్ను పెంచడు, బీమా కంపెనీల జోలికీ పోడు,” అని పైకి చదివింది డార్లీన్. “లండ్‌క్విస్ట్ ఎటూ తేల్చడు. మెట్కాఫ్ పన్ను పెంచుతాడు. కానీ వైద్యం మాత్రం అందరికీ ప్రభుత్వమే చేయిస్తుందట. నీకు ఉద్యోగం ఉన్నా, ఊడినా!”

“ఉద్యోగాల గడి కూడా చదువు,” అన్నాడు వెర్నన్, కిటికీలోంచి మంచు చూస్తూ.

ఆ గడిలో రాసి చెరిపి, రాసి చెరిపి, కాగితం చిరుగు పట్టింది. మెట్కాఫ్ వరసలో ఒక్క మాటే మిగిలింది: ‘పోతాయి’.

“అయితే నువ్వు కార్వర్ పక్కనేనా?”

“ఆఫీసువాళ్ళంతా అక్కడే కదా. నేను ఇంకోచోట నిలబడితే బాగుంటుందా?”

డార్లీన్ పట్టిక మీంచి చూపు తిప్పేసుకుంది. వైద్యం గడి చూస్తే చెల్లెలు జాయిస్ గుర్తుకొస్తుంది. జాయిస్ మొగుడు పనిచేసే ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూతపడింది. దాంతోపాటే ఆ ఇంటి బీమా పోయింది. రొమ్ములో గడ్డ చేతికి తగులుతున్నా, ఖర్చుకి భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది పిచ్చిది. ఏడాది తిరక్కుండా పోయింది. అలాంటి గడ్డే రెండేళ్ళ కిందట డార్లీన్‌కీ వచ్చింది. వెర్నన్ కంపెనీ బీమా ఉండబట్టి తీయించుకుని బతికి బయటపడింది. డిసెంబరులో మళ్ళీ స్కాన్ తీయించాల్సింది. ఆఫీసునుంచి ఏవో కాగితాలు రావాలంటూ వెర్నన్ రెండుసార్లు వాయిదా వేయించాడు.

ఇప్పుడు కార్వర్ మూల మధ్యలో వెర్నన్ పై అధికారి కెస్లర్, కోటుకి ఆ పేరున్న పెద్ద బిళ్ళ పెట్టుకుని నవ్వుతున్నాడు. వెర్నన్ ఆయనకి నాలుగు అడుగుల దూరంలో, గోడవైపు జరిగి ఉన్నాడు. డార్లీన్ చూపు తగలగానే కెస్లర్ నవ్వు ఆగిపోయింది. గబుక్కున ముఖం తిప్పేసుకున్నాడు.

పసిగట్టేశాడు! రేపు పొద్దున్నే వెర్నన్‌ని గదిలోకి పిలిచి, నీ పెళ్ళాం మా నోట్లో మట్టి కొడుతుంటే నీకిక్కడ పనేంటని అడగడూ?

అయినా జాయిస్ ముఖం కళ్ళముందు నుంచి కదల్లేదు. డార్లీన్ కప్పు కింద పెట్టి, తల వంచుకుని, మెట్కాఫ్ మూలకి నడిచింది. గది దాటేసరికి యుగం గడిచినట్టైంది.

ఫిలిస్ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. “పన్నెండు, పదమూడు, నువ్వు పద్నాలుగు. అయ్యో, ఒక్కరు! ఒక్కరంటే ఒక్కరు తక్కువ!”

“మూలలు మారేవాళ్ళు మారచ్చు. పది నిమిషాలే!” అని అరిచాడు సభ నడిపే ఆయన.

అప్పుడు కదిలాడు వెర్నన్. కార్వర్ మూల వదిలి నేరుగా ఆమె వైపే వస్తున్నాడు. వెనకనుంచి కెస్లర్ ఏదో అంటూ పిలిచాడు. అతను తిరిగి చూడలేదు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో గట్టిగా ఒక్క మాటనని మనిషి, ఇవాళ నలుగురిలో రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతాడేమో. డార్లీన్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎవరూ ఈడ్వలేదు. కళ్ళు తెరిచేసరికి అతను పక్కనే ఉన్నాడు, అందరివైపూ తిరిగి, ఆమెలాగే బిగుసుకుపోయి.

“పదిహేను!” ఫిలిస్ కేక పెట్టింది. చుట్టూ చప్పట్లు.

“నీకు మతిపోయిందా?” డార్లీన్ అతని చెవిలో గుసగుసలాడింది. “కెస్లర్ చూస్తున్నాడు! రేపు ఆఫీసులో నీ గతేంటి?”

వెర్నన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఉద్యోగం పోయి మూడు నెలలైంది.”