చిల్లంగి

“మీ నాన్నగారు ఎలా పోయారు?” అని అడిగాడు డాక్టర్ భీమశంకరరావు.

“సిల్లంగి పెట్టీసినారండి,” అన్నాడు నీలకంఠం. స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాడు. “కడుపునొప్పి, రక్తం పడీది. ఎండిపోయి పోయాడు. తాత, చిన్నాన్న కూడా అలాగేనండి. ముగ్గురూ నలభైలు దాటనేదు.”

“తల్లి వైపు?”

“ఆ వైపు ఎవులికీ నేదండి.”

పేగులోకి గొట్టం పంపి తీసిన ఫొటో చూపించాడు డాక్టర్. పెద్దపేగు నిండా బొడిపెలు.

“మంత్రమూ లేదు, మాయా లేదు. ఇది మీ వంశంలో ఉన్న జబ్బు. తండ్రి నుంచి బిడ్డకొస్తుంది. వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది. ఆ పేగు తీసేస్తే మీరు బతుకుతారు. మీ పాపకి కూడా పరీక్ష చెయ్యాలి.”

బతుకుతారన్న మాట నీలకంఠం చెవికెక్కలేదు.

“మరైతే గంగాలమ్మ ఏటీ సెయ్యనేదాండీ?”

ముగ్గురూ మంచాన పడ్డాక వాళ్లకి ఆకుపసరు తాగించింది గంగాలమ్మే. మూడో శవం లేవగానే, చిల్లంగి చేసి చంపింది ఆవిడేనన్నారు. ఊరికి కోపమొస్తే రుజువులతో పనేముంది, ఒక ఆడమనిషి దొరికితే చాలు. ఇంక మంత్రానికి నోరు తిరగకూడదని రాయితో ముందుపళ్లు రాలగొట్టి తరిమేశారు. అప్పుడు నీలకంఠం పిల్లాడు. అందరితో పాటు వాడూ నమ్మాడు.

ఆపరేషన్ వారం ఉందనగా, గంగాలమ్మ ఉంటోందని విన్న ఆనందపురం బయల్దేరాడు. భార్య కుసుమకుమారి అడ్డుపడింది.

“ఒంట్లో ఓపిక నేదు. ఎవులో ముసిల్దాని కోసం ఇప్పుడెల్లాలేటి?”

“బల్ల మీంచి లేవకపోతే? సెప్పీసి వొచ్చీత్తాను.”

సంత వెనక పాకలో చింతపండు గింజలు తీస్తోంది గంగాలమ్మ. గుమ్మంలో నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“నాను నీలకంఠాన్ని.”

ఆవిడ తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

“అది సిల్లంగి కాదంట. మా రక్తంలోనే ఉందంట. నువ్వేటీ సెయ్యనేదు.”

“నాను సెయ్యనేదని నాకు తెల్దేటి? ఇప్పుడెవులు సెప్పినారు?”

“డాక్టరు. నాకూ అదే జబ్బంట.”

చింతపండు వదిలేసి లేచి వచ్చింది. “నీకూనా నాయనా!” అని బోరుమంది.

ఊరు తరిమేసిన ఇన్నేళ్లకి గంగాలమ్మ తన కన్నకొడుకు కడుపు తడిమి చూసింది.