బార్నీ కొట్లో ఎర్ర బండి

“‘రేపు’ అన్న మాట ఇంకోసారి అన్నావంటే ఆ బల్ల ఎత్తి రోడ్డు మీద పారేస్తాను,” అంది గ్లెనిస్, కొట్లోకి అడుగు పెడుతూనే.

బల్ల వెనక కూర్చున్న పెద్దాయన టీ కప్పు కింద పెట్టాడు. అరవై దాటిన మనిషి. తల మీద ‘బార్నీ మోటార్‌సైకిల్స్’ అని రాసిన టోపీ వెలిసిపోయి ఉంది.

“అమ్మా, నేనింకా ఏమీ అనలేదు,” అన్నాడు.

“అంటావు. నెలన్నరగా ఫోన్లో అదే అంటున్నారు. బార్నీ ఏడీ?”

“బస్సులో సామాన్లు వస్తాయంటే డిపోకి వెళ్ళాడు. వచ్చేస్తాడు. టీ తాగుతారా?”

“టీ కోసం అంత దూరం నుంచి రాలేదయ్యా.”

ఒకప్పుడు ఈ కొట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఇప్పుడు రెండే రెండు కొత్త బండ్లు, వాటి సీట్ల మీద మట్టి. ఉన్న మెకానిక్కు గనుల్లో మంచి జీతమని వెళ్ళిపోయాడు. అమ్మేదీ, విప్పేదీ, బిగించేదీ, చివరికి తిట్లు తినేదీ బార్నీయే. చుట్టుపక్కల మోటార్‌సైకిళ్ళ కొట్టు ఇదొక్కటే మిగిలింది కాబట్టి, తిట్టి వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ ఇక్కడికే రావాలి. ఆ సంగతి గుర్తొస్తే గ్లెనిస్‌కి ఒళ్ళు ఇంకా మండుతుంది.

విసవిసా వెనక షెడ్డులోకి వెళ్ళింది. తన నీలం బండి గోడకి ఆనించి ఉంది. దాని పొట్ట ఖాళీ. పక్కనే ఐస్‌క్రీమ్ డబ్బా నిండా పళ్ళ చక్రాలు, మరలు. డబ్బా చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది.

“నా బండి ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉందేమిటి?”

“గేర్లు ఇంకా రాలేదనుకుంటానమ్మా. అసలు నేను...”

“నువ్వేం చెప్పకు. నేను చెప్తా, విను. ఉన్ని కత్తిరించేవాళ్ళు సోమవారం పొద్దున దిగుతారు. అప్పటికి గొర్రెలన్నీ దొడ్లో ఉండాలి. లేకపోతే వాళ్ళు ఒక్క పూట కూడా ఆగరు, ఇంకో పొలానికి వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చేది చలికాలం పోయాక. అప్పటికి సగం ఉన్ని ముళ్ళకంపలకే పోతుంది. మా ఆయన కాలికి కట్టు. బండి మీద తిరిగి తోలాల్సిన గొర్రెల వెంట నేనొక్కదాన్నీ కాళ్ళతో పరుగెత్తనా?”

“వాళ్ళొచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా.”

“నీకేం తెలుసు? ఫ్యాను కింద కూర్చుని టీ తాగేవాడివి.”

ఇంతలో ఫోన్ మోగింది. పెద్దాయన ఎత్తాడు.

“రాలేదండీ. ఓడ రేవులో ఆగిందట. బ్రిస్బేన్‌లో గోడౌన్ మార్చారట. అవునండీ, పోయినసారి వచ్చింది వేరే సైజు. చెప్తానండీ.”

అతను ఫోన్ పెట్టేసేదాకా గ్లెనిస్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “పాఠం బాగా నోటికి వచ్చినట్టుందే.”

“వినీ వినీ వచ్చేసిందమ్మా.”

ఆ జవాబుకి ఆమె ఓపిక పూర్తిగా చచ్చిపోయింది. అరవడానికి కూడా శక్తి లేక పక్కనున్న టైర్ల దొంతర మీద కూలబడింది. ఈ ఏడాది ఉన్ని చేతికి రాకపోతే గొర్రెల్ని అమ్ముకోవడమేనని మొగుడు రాత్రే అన్నాడు. కళ్ళు తుడుచుకోవడం ఈ మనిషి చూడకూడదని మొహం తలుపు వైపు తిప్పుకుంది.

పెద్దాయన తలుపు దగ్గర నిలబెట్టి ఉన్న ఎర్ర బండి వైపు చూశాడు. తర్వాత లేచి వచ్చి, జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది తీసుకెళ్ళండి. గేర్లు కొత్తగా వేశారు, మొదట్లో కాస్త గట్టిగా తొక్కాలి. పనయ్యాక తెచ్చి ఇక్కడే పెట్టండి.”

గ్లెనిస్ లేచి బండి చుట్టూ తిరిగింది. “ఇది అమ్మకం బండి కాదే. వెనకాల గొర్రెలు కాసే కుక్క కూర్చోవడానికి గోనెపట్టా కూడా ఉంది. ఎవరిదో.”

“ఎవరిదైతేనేం, నడుస్తుంది కదా.”

“వాడొచ్చి అడిగితే?”

“అడగడు లెండి.”

“ఓహో. ఒకడి బండి ఇంకొకడికి ఇవ్వడం ఇక్కడ మామూలే అన్నమాట. నాది ఎవరికిద్దామనుకున్నారో అది కూడా చెప్పు.”

“మీది డబ్బాలో ఉంది కదమ్మా, ఎవరికివ్వగలం?”

నవ్వు వచ్చింది కానీ బిగబట్టుకుంది. ఇంత మోసం చేసినవాళ్ళ దగ్గర నవ్వితే అలుసైపోతాం. ఇద్దరూ కలిసి బండిని చెక్క మీదుగా ఆమె ట్రక్కులోకి తోశారు. పెద్దాయన తాడు బిగించి కట్టాడు.

ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి తల బయట పెట్టింది. “మనుషుల్ని పెట్టుకునేటప్పుడు పని తెలిసినవాళ్ళని పెట్టుకోమని బార్నీకి చెప్పు.”

“చెప్తానమ్మా.”

“థాంక్స్,” అని గొణిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి బార్నీ ఉత్త చేతులతో వచ్చాడు. “రాలేదు. రేపు బస్సుకి పంపుతారట,” అని, తలుపు దగ్గర ఖాళీ చూసి ఆగిపోయాడు. “ఇక్కడి ఎర్ర బండి ఏదీ?”

“నీలం బండి ఆవిడ తీసుకెళ్ళింది. గొర్రెలు తోలుకోవాలట.”

బార్నీ తల పట్టుకున్నాడు. “పది నిమిషాలు ఫోన్ చూడమన్నానే గానీ ఇలా చేయమన్నానా? మీ బండి ఆవిడకిచ్చేస్తే మీరు ఇంటికెలా వెళ్తారండీ?”